పక్క దేశం తలుపు మూసుకున్నాక

రామకృష్ణాపూర్‌లో అమెరికా అబ్బాయికి పెళ్లి కుదిరితే, పంతులు పంచాంగం విప్పేలోపు ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంటోంది. అబ్బాయికి హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఎప్పుడు దొరుకుతుంది? దొరికిన తేదీ నిలబడుతుందా? ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు ఎన్నాళ్లకు చేతికొస్తుంది? అన్నాళ్లూ కంపెనీ లీవు ఇస్తుందా? ఇవన్నీ తేలాకే మంచిర్యాలలో ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు. మంచి రోజులు మాఘంలో ఉన్నా, స్లాట్ వైశాఖంలో ఉంటే పెళ్లి వైశాఖానికే పోతుంది.

మొన్నమొన్నటిదాకా ఈ చిక్కుకు ఒక పక్కదారి ఉండేది. అమెరికాలో కొలువు చేసే మన పిల్లలు వీసా ముద్ర (స్టాంపింగ్) కోసం ఇక్కడిదాకా రాకుండా, పొరుగునే ఉన్న మెక్సికోకో కెనడాకో వెళ్లేవాళ్లు. అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసా వేయించుకుని, అన్నీ కలిసొస్తే వారం పది రోజుల్లో మళ్లీ డ్యూటీలో చేరేవాళ్లు. ఊరికి రావడమంటే అమ్మానాన్నలను చూడటానికే. తిరిగి వెళ్లగలమో లేదోనన్న బెంగ ఆ ప్రయాణంలో ఉండేది కాదు. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ ఆ దారి మూసేసింది. వలసేతర వీసా ఏదైనా సరే, తమ సొంత దేశంలోనో, తాము నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే ఇంటర్వ్యూకు వెళ్లాలని చెప్పింది. మెక్సికోలో మనవాళ్లకు నివాసం లేదు. నివాసం ఉన్న దేశం అమెరికా, అమెరికాలో అమెరికా కాన్సులేట్ ఉండదు. ఇక మిగిలింది మన దేశమే.

బాయి నుంచి బే ఏరియా దాకా

అమెరికాలో ఉన్నవాళ్ల గొడవకు బొగ్గు ఊరితో ఏం సంబంధం అనుకునేవాళ్లు సాయంత్రం పూట ఇక్కడి క్వార్టర్ల మధ్య ఒకసారి నడిచి చూడాలి. అరుగు మీద కూర్చున్న రిటైర్డ్ కార్మికుడిని పిల్లలెక్కడ అని అడిగితే, చిన్నోడు ఓపెన్‌కాస్టు గనిలో అంటాడు, పెద్దోడు డాలస్‌లో అంటాడు. రెండు పేర్లూ ఒకే గొంతుతో, ఒకే గర్వంతో చెబుతాడు. ఆర్‌కేపీ అని అందరూ పిలుచుకునే ఈ ఊరు సింగరేణి బొగ్గు సంస్థ మందమర్రి ఏరియాలోది. రైలెక్కాలంటే రవీంద్రఖని స్టేషన్ ఉంది, ఎక్స్‌ప్రెస్ కావాలంటే మంచిర్యాల పోవాలి. తాతలు బొగ్గుబాయి పనికి ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మనవలు ఇక్కడి నుంచి బయటికి పోవడం ఆ వలసకు కొనసాగింపే.

పోక తప్పని లెక్క కూడా ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దగ్గరికి వచ్చింది. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, తట్టా చెమ్మస్‌తో వందమంది చేసిన పని యంత్రం చేస్తోంది. వారసత్వ ఉద్యోగాల నోటిఫికేషన్‌ను 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం కింద ఒక్కరికి ఉద్యోగం వచ్చే ఏర్పాటు జరిగింది. ఒక్కరికే. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఒకరికి బాయి, రెండోవాడికి చదువు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ కాలేజీ గడప తొక్కిన కార్మికుల పిల్లలు ఎందరో. ఆ తర్వాత బ్యాంకు రుణం, తండ్రి పీఎఫ్ సొమ్ము, తల్లి పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం. వీటితో ఎంఎస్. ఆ మీద ఉద్యోగం. ఆ మీద హెచ్‌1బీ లాటరీ.

హెచ్‌1బీ 1990 నాటి చట్టంతో వచ్చిన వీసా. ఏటా 65 వేలు, అమెరికాలోనే పీజీ చదివినవారికి మరో 20 వేలు. ఆమోదం పొందేవాటిలో నూటికి డెబ్బైకి పైగా భారతీయులవే. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో చెప్పే అధికారిక లెక్క లేకున్నా, హైదరాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి డిపార్చర్స్ గేటు ముందు నిలబడినవాళ్లకు లెక్కతో పనిలేదు.

ఆమోదం వేరు, ముద్ర వేరు

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులకు అర్థం కాని ముడి ఉంది. దీన్ని నిదానంగా విప్పాలి.

లాటరీలో పేరు వచ్చి, కంపెనీ పెట్టిన పిటిషన్‌ను అమెరికా వలస విభాగం ఆమోదిస్తే ఐ-797 అనే కాగితం వస్తుంది. అది పని చేయడానికి అనుమతి. అప్పటికే చదువు కోసం అమెరికాలో ఉన్నవాడు ఆ కాగితంతో దేశం దాటకుండా ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకోవచ్చు, జీతం తీసుకోవచ్చు, పన్ను కట్టవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. అందులో ఎక్కడా తప్పు లేదు. కానీ ఒక్కసారి దేశం దాటి బయటికి వస్తే తిరిగి లోపలికి పోవడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర కావాలి. ఆ ముద్ర వేసేది విదేశాంగ శాఖ. అదీ దేశం బయటి కాన్సులేట్‌లోనే. ఆమోదం ఒక శాఖది, ముద్ర ఇంకో శాఖది. మొదటి శాఖ సరేనన్న మనిషిని రెండో శాఖ మళ్లీ మొదటి నుంచి ప్రశ్నించవచ్చు, ఆపవచ్చు. పైగా పిటిషన్ గడువు సాధారణంగా మూడేళ్లే. గడువు పెంచుకున్నాక బయటికి వస్తే మళ్లీ ముద్ర.

అందుకే నాన్నకు గుండె నొప్పి వచ్చిందని ఫోన్ వెళ్తే కొడుకు వెంటనే టికెట్ బుక్ చేయడు. ముందు పాస్‌పోర్టు తీసి ముద్ర తేదీ చూసుకుంటాడు. అది రాతిగుండె కాదు. గడువు తీరిన ముద్రతో వస్తే, తిరిగి వెళ్లేదాకా ఉద్యోగం నిలుస్తుందన్న భరోసా లేదు. భార్య, బిడ్డ అక్కడే ఉంటే ఇంటి అద్దె, కారు వాయిదా ఆగవు. బిడ్డ అమెరికా పౌరుడు, తండ్రి మంచిర్యాలలో స్లాట్ కోసం ఎదురుచూసే మనిషి. ఇలాంటి ఇళ్లను ఈ బొగ్గు బెల్టులో వెతికి పట్టుకోవాల్సిన పని లేదు.

ఈ ముద్రను ఒకప్పుడు అమెరికాలోనే వేసేవారు. పాస్‌పోర్టును విదేశాంగ శాఖకు పోస్టులో పంపితే కొత్త వీసా అతికించి తిరిగి పంపేవారు. 2001 దాడుల తర్వాత వచ్చిన చట్టంతో వీసాకు వేలిముద్రలు తప్పనిసరి అయ్యాయి. అవి తీసుకునే ఏర్పాటు లోపల లేదని 2004 జులైలో ఆ సదుపాయం ఆపేశారు. మనవాళ్లు పక్క దేశాల బాట ఎక్కువగా పట్టింది అప్పటి నుంచే.

వంతెన అవతల

టెక్సస్‌లో ఉన్నవాడికి మెక్సికో దగ్గర. ఎల్ పాసోలో కారు పార్క్ చేసి రియో గ్రాండే మీది వంతెన దాటితే సియుడాడ్ హువారెజ్. లారెడో అవతల న్యువో లారెడో. బ్రౌన్స్‌విల్ అవతల మాటమోరోస్. కాలిఫోర్నియావాళ్లకు శాన్ డియేగో పక్కనే టిహువానా. సియాటిల్‌వాళ్లకు వాంకూవర్. డెట్రాయిట్, బఫలో వైపున్నవాళ్లకు టొరంటో. మ్యాపులో చూస్తే మంచిర్యాల నుంచి బల్లార్ష పోయి వచ్చినంత.

కానీ ఆ వంతెన దాటడానికి ముందు ఇంకో వీసా కావాల్సి వచ్చేది. గడువున్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే మెక్సికో మనల్ని విడిగా వీసా అడగదు. స్టాంపింగ్‌కు వెళ్లేవాడి దగ్గర లేనిదే అది. కాబట్టి ముందు అమెరికాలోని మెక్సికో కాన్సులేట్‌కు వెళ్లి మెక్సికో వీసా తెచ్చుకోవాల్సి వచ్చేది. కెనడాకైతే దరఖాస్తు, వేలిముద్రలు, ఎదురుచూపు. వీసా కోసం వీసా అన్నమాట. ఆ వీసా తేదీ, ఇంటర్వ్యూ తేదీ కుదరాల్సి వచ్చేది, వాటికి కంపెనీ లీవు కుదరాల్సి వచ్చేది.

ఇంటర్వ్యూ రెండు రోజుల పని. మొదటి రోజు దరఖాస్తుదారుల కేంద్రంలో ఫొటో, పది వేళ్ల ముద్రలు. రెండో రోజు కాన్సులేట్. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు, బ్యాగు కూడా. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారం నిర్ధారణ కాగితం, ఐ-797, కంపెనీ లేఖ, క్లయింట్ లేఖ, మూడు నెలల పే స్లిప్పులు, పన్ను కాగితాలు, డిగ్రీ సర్టిఫికెట్లు. కిటికీ అవతల అధికారి అడిగేవి నాలుగైదు ప్రశ్నలు. ఎక్కడ పని చేస్తున్నావు, ఏం పని, జీతమెంత, ఎన్నాళ్లుగా. మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలు. ఫోల్డరులోని కాగితాల్లో సగం అడగరు కూడా. అడిగిన ఒక్క కాగితం లేకపోతే మాత్రం కథ మారిపోతుంది.

మాటమోరోస్‌లో పొద్దున ఎనిమిది అంటే ఇక్కడ ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. రెండో షిఫ్టు సగంలో ఉంటుంది. ఇంట్లో టీవీ నడుస్తున్నా ఎవరూ చూడరు. తల్లి దేవుడి దగ్గర దీపం పెట్టి ఫోన్ పక్కనే కూర్చుంటుంది. ఇంతకుముందే చిలుకూరు బాలాజీకి మొక్కుకుని ఉంటుంది, అంత దూరం పోలేనివాళ్లు గూడెం గుట్ట సత్యనారాయణస్వామికి. పెనిమిటి బాయిలోకి దిగిన రోజుల్లో షిఫ్టు దిగే వేళకు గుమ్మంలో నిలబడి చూసినట్టే ఇప్పుడు ఫోన్ వైపు చూస్తుంది. కాల్ వస్తే అడిగేది ఒక్కటే.

“అయిందా బిడ్డా?”

“అయింది అవ్వా. పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకున్నరు.”

పాస్‌పోర్టు ఉంచుకుంటే మంచి వార్త. వీసా అంటించి కొరియర్‌లో పంపుతారు. పాస్‌పోర్టు చేతికిచ్చి, దాంతోపాటు ఒక కాగితం ఇస్తే మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టే. దాన్నే మనవాళ్లు 221జీ అంటారు. అమెరికా వలస చట్టంలో ఆ సెక్షన్ కింద, ఇంకా పరిశీలన ఉంది ఆగమని చెప్పడం. ఆ ఆగడం మూడు రోజులు కావచ్చు, మూడు నెలలూ కావచ్చు.

పక్క దేశంలో 221జీ వస్తే పరిస్థితి ఎంత కఠినమో పైకి కనపడదు. మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్లకు, ముద్ర గడువు తీరినా ఐ-94 అనే ప్రవేశ పత్రం చెల్లుబాటులో ఉంటే లోపలికి రానిచ్చే వెసులుబాటు అమెరికా నిబంధనల్లో ఉంది. కానీ అక్కడ ఉన్నప్పుడు వీసాకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు అది వర్తించదు. 2002 ఏప్రిల్‌లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. అంటే వంతెన మీద నడిచి వెళ్లినవాడు, వీసా ఆగితే అదే వంతెన మీద తిరిగి నడవలేడు. ఇల్లు నది అవతల కనబడుతున్నా పోలేడు. హోటల్లో కూర్చుని వేచి చూడాలి. లేదంటే మెక్సికో నుంచి అమెరికా మీదుగా కాకుండా యూరప్ చుట్టూ తిరిగి హైదరాబాద్ రావాలి.

వెళ్లే ఊళ్లు కూడా మామూలువి కావు. మాటమోరోస్, న్యువో లారెడో ఉన్న తమౌలిపస్ రాష్ట్రానికి వెళ్లొద్దని అమెరికా ప్రభుత్వం తన పౌరులను నాలుగో స్థాయి హెచ్చరికతో వారిస్తుంది. కారణం నేరాలు, కిడ్నాపులు. 2023 మార్చిలో మాటమోరోస్‌లో నలుగురు అమెరికన్లను ఎత్తుకుపోయారు, ఇద్దరు చనిపోయారు. తన పౌరులు అడుగు పెట్టొద్దన్న ఊళ్లలోనే ఆ దేశపు కాన్సులేట్లు ఉన్నాయి. మన పిల్లలు ఫోల్డరు చంకన పెట్టుకుని వాటి ముందు వరుసలో నిలబడ్డారు. ఇంట్లో వాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు కాదు. మెక్సికో పోతున్నం, రెండు రోజుల పని, అంతే.

ఇంత కష్టమైనా ఆ దారి ఉండాలనే అందరూ కోరుకున్నారు. దాని మీద ఎంతగా ఆధారపడ్డారో చెప్పడానికి అదే సాక్ష్యం.

కిష్ దీవిలో మనవాళ్లు

పక్క దేశానికి వెళ్లి పని వీసా తెచ్చుకోవడం మన ప్రాంతానికి అమెరికా నేర్పిన విద్య కాదు. దుబాయ్ పోయినవాళ్లకు అది ఎప్పటి నుంచో తెలుసు.

మంచిర్యాల జిల్లాలోనే లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం మండలాల నుంచి, గోదావరి దాటితే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. కంపెనీ వీసా దొరకక విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వెతుక్కున్నవాళ్లకు, పని దొరికాక వీసా మార్చుకోవాలంటే యూఏఈ దాటి బయటికి పోయి కొత్త వీసాతో మళ్లీ రావాల్సి వచ్చేది. ఊరికి వచ్చి పోవాలంటే ఖర్చు. అందుకని దగ్గర్లోని ఇరాన్ దీవి కిష్‌కు పోయేవారు. అది స్వేచ్ఛా వాణిజ్య మండలం, చాలా దేశాలవాళ్లకు ముందస్తు వీసా అక్కర్లేదు. చవక హోటల్లో ఒక గదిలో కొందరు కలిసి పడుకుని, కంపెనీ కొత్త వీసా పంపేదాకా ఆగేవాళ్లు. కొందరికి రెండు రోజుల్లో వచ్చేది. కంపెనీ మొహం చాటేస్తే వారాలు గడిచేవి, చేతి డబ్బులు అయిపోయేవి.

2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి షార్జా వస్తున్న కిష్ ఎయిర్ విమానం దిగబోతూ కూలింది. 46 మందిలో 43 మంది చనిపోయారు. వీసా మార్పు కోసం కిష్ పోయి వస్తున్న వలస కార్మికులు ఆ విమానంలో ఉన్నారు, మన దేశంవాళ్లూ ఉన్నారు. 

డాలస్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ, దుబాయ్ మేస్త్రీకీ జీతంలో పోలికే లేదు. ఒకరి వెనుక వకీళ్లున్న కంపెనీ ఉంటుంది, ఇంకొకరి వెనుక ఊళ్లో తిరిగే ఏజెంటు తప్ప ఎవరూ ఉండరు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇద్దరి మీదా పడిన షరతు ఒక్కటే: పని చేస్తున్న దేశంలో వీసా ముద్ర దొరకదు, బయటికి పోయి రావాలి.

ఒక నెలలో మూడు దెబ్బలు

2025 సెప్టెంబరు మనవాళ్లకు మరచిపోలేని నెల. రెండో తేదీ నుంచి డ్రాప్‌బాక్స్ దాదాపుగా పోయింది. అంతకుముందు వీసా పునరుద్ధరణకు ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు, కాగితాలు ఇచ్చేసి వస్తే సరిపోయే సదుపాయం చాలామందికి ఉండేది. ఇప్పుడు హెచ్‌1బీ వాళ్లు, వాళ్ల భార్యాపిల్లలు అందరూ ఇంటర్వ్యూకు నిలబడాలి. ఆరో తేదీన పక్క దేశం దారి మూసుకుంది. పంతొమ్మిదో తేదీన కొత్త హెచ్‌1బీ పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వెలువడింది. అది ఎవరికి వర్తిస్తుందో తేలకపోవడంతో సెలవు మీద వచ్చినవాళ్లు పెట్టెలు సర్దుకుని దొరికిన విమానం పట్టుకున్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని మరునాడు వివరణ వచ్చింది, కానీ ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరలేదో.

మూడింటిలో లక్ష డాలర్ల వార్తే పెద్దగా మోగింది. ఇంట్లోవాళ్ల మీద ఎక్కువ కాలం పడే దెబ్బ మాత్రం మొదటి రెండింటిదే. అందరూ ఇంటర్వ్యూకు రావాలి, అందరూ ఇక్కడికే రావాలి అంటే, ఇక్కడి కిటికీల ముందు వరుస పొడుగవుతుంది. లెక్క అంత సులువు.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైంది. అంతకుముందు మన పిల్లలు మంచిర్యాల స్టేషన్‌లో జీటీ ఎక్కి చెన్నై పోయేవాళ్లు. 2023 మార్చిలో 34 కోట్ల డాలర్లతో కట్టిన నానక్‌రామ్‌గూడ భవనంలోకి కాన్సులేట్ మారింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా మూడూ దాని కిందికే వస్తాయి. కోవిడ్ తర్వాత 2022 చివర్లో ఇక్కడ విజిటర్ వీసా ఇంటర్వ్యూకు వెయ్యి రోజులకు దగ్గరగా వేచి ఉండాల్సి వచ్చింది. అప్పుడు అమెరికా రాయబార కార్యాలయమే, థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు ఉంటే బ్యాంకాక్‌లో స్లాట్లు ఉన్నాయని చెప్పింది. వరుస తగ్గించుకోవడానికి పక్క దేశం పొమ్మన్నవాళ్లే ఇప్పుడు పక్క దేశం వద్దంటున్నారు. స్లాట్ల కొరతను సొమ్ము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. బాట్లతో బుక్ చేసిన దాదాపు 2 వేల అపాయింట్‌మెంట్లను 2025 మార్చిలో రాయబార కార్యాలయం రద్దు చేసింది.

డిసెంబరు 15 నుంచి ఇంకో షరతు వచ్చింది. హెచ్‌1బీ, వాళ్ల భార్యాపిల్లలకిచ్చే హెచ్‌4 వీసాల దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలిస్తారు, వాటిని అందరికీ కనపడేలా తెరిచి ఉంచాలి. పరిశీలనకు సమయం పడుతుంది కనుక మన దేశంలో డిసెంబరులో ఉన్న ఎన్నో ఇంటర్వ్యూలను 2026 మార్చికి, కొన్నింటిని ఇంకా తర్వాతకు మార్చారు. పాత తేదీకి వస్తే గేటు లోపలికి కూడా రానివ్వమని రాయబార కార్యాలయం ముందే చెప్పింది. అప్పటికే చాలామంది ఊళ్లకు వచ్చేసి ఉన్నారు. క్రిస్మస్ సెలవుల్లో స్టాంపింగ్, సంక్రాంతి ఇంట్లో, తిరుగు ప్రయాణం జనవరి మధ్యలో అని లెక్కేసుకున్నవాళ్లు నెలల తరబడి ఇక్కడే చిక్కుకున్నారు. ఇక్కడి నుంచి రాత్రుళ్లు పని చేయడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు.

రెండో వైపు మాట

అమెరికా వైపు వాదన కూడా వినాలి. సొంత దేశంలో ఉన్న అధికారికి అక్కడి కాలేజీలు, డిగ్రీలు, కన్సల్టెన్సీల సంగతి తెలుస్తుంది, దొంగ కాగితాన్ని పట్టుకోవడం సులువు అని వాళ్లంటారు. ఇందులో నిజం లేదనలేం. అమీర్‌పేటలో దొంగ అనుభవ పత్రాలు అమ్మినవాళ్లు మనవాళ్లే. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే ఉచ్చుగా నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో అదుపులోకి తీసుకున్న 129 మంది భారతీయ విద్యార్థుల్లో చాలామంది తెలుగు పిల్లలు. విద్యార్థులను చేర్పించినందుకు కేసు పడినవాళ్లూ తెలుగువాళ్లే. కొందరు చేసిన పనికి అందరి ఫోల్డర్లనూ అనుమానంతో తిప్పి చూస్తున్నారు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆరేళ్లుగా అదే దేశంలో ఉంటూ, ప్రతి నెలా పన్ను కడుతూ, వేలిముద్రలు ఇదివరకే ఇచ్చిన మనిషిని, అదే ఉద్యోగానికి మళ్లీ ముద్ర వేయడానికి పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ఎందుకు తిప్పాలి? జవాబు అమెరికా దగ్గరే ఉంది. 2023 జూన్‌లో ప్రధాని మోదీ పర్యటన సందర్భంగా, అమెరికాలోనే వీసా పునరుద్ధరణను ప్రయోగాత్మకంగా చేపడతామని ప్రకటించారు. 2024 జనవరి 29న మొదలుపెట్టి 20 వేల మంది దాకా అవకాశం ఇచ్చారు. అంతకుముందు భారత్, కెనడాల్లో నిర్ణీత కాలంలో ముద్ర పడినవాళ్లకే పరిమితం చేశారు. పాస్‌పోర్టు పోస్టులో పంపారు, వీసాతో పోస్టులో తిరిగొచ్చింది. ఎవరూ ఉద్యోగం మానుకోలేదు, వంతెన దాటలేదు. ఆ ప్రయోగం అక్కడితో ఆగింది, అందరికీ విస్తరించలేదు.

అది మళ్లీ మొదలవ్వాలి. మన విదేశాంగ శాఖ వాణిజ్య చర్చల బల్ల మీద సుంకాల పక్కన ఈ మాట కూడా పెట్టాలి. లక్ష డాలర్ల గురించి మాట్లాడిన మన ఎంపీలు దీని గురించి ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు. పెద్దపల్లి లోక్‌సభ స్థానంలోనే ఉన్న ఈ బొగ్గు ఊళ్ల నుంచి అడగాల్సిన న్యాయమైన కోరిక ఇది. పక్క దేశం దారి తిరిగి తెరవమనడం కన్నా, ఆ దారి అవసరమే లేకుండా చేయమనడం మంచిది.

అప్పటిదాకా ఈ బెల్టులోని అమ్మానాన్నలకు, అత్తమామలకు నా విన్నపం ఇది. పిల్లలను రమ్మనే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి: పాస్‌పోర్టులో ముద్ర గడువు ఎప్పటిదాకా ఉంది, ఐ-797 గడువు ఎంత, స్లాట్ చేతిలో ఉందా, వీసా ఆలస్యమైతే ఇక్కడి నుంచి పని చేయడానికి కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుందా. ముద్ర ఉన్నప్పుడు వచ్చి పొమ్మనండి, లేనప్పుడు గృహప్రవేశానికి రాలేదని నిష్ఠూరం ఆడకండి. స్లాట్ ఇప్పిస్తానని డబ్బు అడిగే ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. ఆ బుకింగ్ రద్దయితే నష్టపోయేది మీ బిడ్డే. మెక్సికోలో చేయిస్తాం, బ్యాంకాక్‌లో చేయిస్తాం అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. అక్కడ కట్టిన ఫీజు తిరిగి రాదని అమెరికా విదేశాంగ శాఖ ఆ సెప్టెంబరు ప్రకటనలోనే రాసింది.